ఎనిమిది ఊళ్లలో చెప్పిన మాట

ఈ ఉదయం పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడి ఉండగా వీధి చివర ఒక మోటారుసైకిలు రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడి ఠక్కున ఆగిపోయింది. మళ్లీ కిక్కు కొట్టిన చప్పుడు, మళ్లీ అదే ఎగురుడు, మళ్లీ ఆగిపోవడం. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నారు. క్లచ్చి ఒక్కసారిగా వదిలేస్తే బండి అలాగే గోల పెడుతుంది. ఆ చప్పుడు వినగానే నా కుడి పిక్కలో సన్నటి నొప్పి లేచింది. నేను నేర్చుకునే రోజుల్లో కిక్కు రాడ్డు ఎదురుతన్నిన చోటది. ఆ బండి ఇప్పుడు లేదు, దెబ్బ ఎప్పుడో మానింది, పిక్క మాత్రం మరచిపోలేదు. వంటింట్లోంచి సుజాత గొంతు వినిపించింది. "నీ చుట్టమెవరో మోపైండు, పోయి చూడు." నోట్లో నురగతోనే నవ్వాను.

సుజాత నా భార్య. నాకు బండి నేర్పింది కూడా ఆమే. ఈ రెండో మాటను ఇంత తేలిగ్గా రాయగలగడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ నేను ఏం చేశానో, ఆమె నన్ను ఎలా దారికి తెచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆమెను ఎరగనివాళ్లు ఇది చదివి ఒక పాలబండి అమ్మాయిని కళ్లముందు చూడగలిగితే చాలు. నన్ను కాస్త తక్కువగా చూసినా ఫర్వాలేదు. అది న్యాయమే.

ఆమె పుట్టిల్లు యాచారం దగ్గర ఒక చిన్న ఊరు. మా మామ పాలు పోసేవాడు. తెల్లవారకముందే ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని, మోటారుసైకిలుకు రెండువైపులా ఇనుప కొక్కేలకు క్యాన్లు తగిలించి, ఇబ్రహీంపట్నం హోటళ్లకు తెచ్చేవాడు. సుజాత డిగ్రీలో చేరిన ఏడాది ఆయన కాలు విరిగింది. రెండు రోజులు పాలన్నీ ఇంట్లోనే తోడుపెట్టారు. మూడో రోజు ఆమె బండి తీసింది. బండి నడపడం తండ్రి దగ్గర అంతకుముందే నేర్చుకుంది, లైసెన్సు కూడా ఉంది. కాలు అతుక్కునేదాకా అనుకున్న పని నాలుగేళ్లు సాగింది, ఎందుకంటే కాలు అతుక్కుంది కానీ అంత బరువు బండిని ఆనించి ఆపే బలం దానికి మళ్లీ రాలేదు. పాలు పోసి, క్యాన్లు కడిగి, వాటిని హోటల్ వెనక బోర్లించి, కాలేజీకి వెళ్లి, సాయంత్రం ఖాళీ క్యాన్లు గలగలలాడించుకుంటూ ఇంటికి పోయేది. క్యాన్ల చప్పుడు వినబడితే చాలు, దారిలో పశువులు వాటంతటవే పక్కకు జరిగేవని మామ గొప్పగా చెప్పేవాడు.

పెళ్లయి మమ్మల్ని సాగనంపేటప్పుడు ఆయన బండి తాళంచెవి తీశాడు. నేను చెయ్యి చాచాను. "అల్లునికి గాదు, బిడ్డకు" అని దాన్ని సుజాత గుప్పిట్లో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నాకు బండి రాదని అక్కడ ఎవరికీ తెలియదు. ఇంటర్ చదివేటప్పుడు ఒక స్నేహితుడి బండి ఎక్కి, బ్రేకు అనుకుని ఎక్సలేటరు తిప్పి, మా వాడలో ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుకకుప్పలోకి తలదాకా దూరిపోయాను. వాడంతా నవ్వింది. దెబ్బ తగల్లేదు, నవ్వే తగిలింది. ఆ రోజు నుంచి బస్సు, ఆటో, కాలినడక. ఎవరైనా అడిగితే "నాకు బండ్లంటే పడది" అనేవాణ్ని, అదేదో వంకాయకూర గురించి చెబుతున్నట్టు.

ఇబ్రహీంపట్నంలో రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం పెట్టాం. నేను పాల డెయిరీలో క్యాన్లు కడిగించే పని చూసేవాణ్ని. రెండో రోజే సుజాత బండి తీసి, "కూసో, డెయిరీ కాడ దింపి వస్త" అంది. నేను ఆమె వెనక కూర్చుని డెయిరీ గేటు దాటడం ఊహించుకున్నాను. "ఇక్కడ ఆడోళ్లు గేర్ల బండి నడిపితే నవ్వుతరు" అన్నాను. అప్పటికి నాలుగేళ్లుగా అదే ఇబ్రహీంపట్నంలో ఆమె గేర్ల బండి నడిపిందని నాకు తెలుసు. ఆమె నా మొహం వంక చూసి, ఇంకేమీ అనకుండా బండిని గోడకు ఆనించింది. దాని మీద నేనే దాణా బస్తా విప్పి కప్పాను. వర్షానికి తుప్పు పడుతుందని చెప్పాను.

ఏడాది తిరిగేసరికి డెయిరీలో నాకు మంచి అవకాశం వచ్చింది. ఎనిమిది ఊళ్ల పాలకేంద్రాలు తిరిగి, తూకం, వెన్న శాతం సరిగ్గా రాస్తున్నారో లేదో చూసే పని. మా మేనేజరు జంగారెడ్డి సార్ ఒక్కటే అడిగాడు. "బండి వస్తది గదా? రెండు నెలలల్ల లైసెన్సు కాగితం నా టేబుల్ మీద పెట్టాలె." తల ఊపి వచ్చాను. ఆ సాయంత్రం సుజాత రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని అసలు సంగతి చెప్పాను. ఇసుకకుప్పతో సహా. రొట్టె మాడిపోయేదాకా నవ్వింది. నేను మొహం ముడుచుకోవడం చూసి, పిండి చేత్తోనే నా భుజం పట్టుకుంది. "ఏందయ్యా, ఏడాది సంది ఆ బస్తా కిందున్నది నా బండి గాదు, నీ భయమా? ముందుగాల చెప్తే ఏం పోయేది? రేపు పొద్దుగాల లేస్తవా లేదా, గది చెప్పు."

మా ఇంటికి కిలోమీటరు దూరంలో ఒక వెంచర్ ఉండేది. అప్పట్లో ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు అవుతున్నాయి. కమాను కట్టారు, రోడ్లు పోశారు, నంబర్లు రాసిన హద్దురాళ్లు పాతారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. బండి నేర్చుకునేవాడికి అంతకన్నా స్వర్గం ఏముంటుంది? అక్కడ ఉండేది ఒక్క వాచ్‌మన్ చాంద్ పాషా. గేటు పక్క గదిలో ఉంటూ, పొద్దున్నే మంచం బయట వేసుకుని చాయ్ తాగేవాడు. మొదటిసారి ఇంజను వేసి నేను బండిని ఎగిరించి ఎగిరించి ఆపుతుంటే లేచి నిలబడ్డాడు. వారం తిరిగేసరికి మా కోసం ఇంకో రెండు గ్లాసుల చాయ్ పెట్టడం మొదలుపెట్టాడు. "అరె నర్సిమ్మా, నువ్వు రాకముందు నాకు ఈడ పొద్దు పోకపోతుండె" అనేవాడు.

సుజాత పాఠం చెప్పే పద్ధతి ఆమె తండ్రిదే. మొదటి మూడు రోజులు ఇంజను ఆపేసి బండిని నడిపించుకుంటూ వెంచర్ చుట్టూ తిప్పించింది. "మీద ఎక్కేటోనికి దాని బరువెంతనో తెల్వాలె" అంది. తరువాత క్లచ్చి. తరువాత గేర్లు. నేను కాస్త తిన్నగా నడపడం మొదలుపెట్టాక ఆమె అసలు పరీక్ష పెట్టింది. రెండు క్యాన్లలో సగం వరకు నీళ్లు పోసి, మూతలు తీసేసి, బండికి చెరోవైపు తగిలించింది. నిండా పోయొచ్చు గదా అని అడిగాను. "నిండిన క్యాను కదలకుంట కూసుంటది, దానితోని ఏం పరేషాన్ లేదు. సగం క్యానే ఆగం చేస్తది. నువ్వు బ్రేకు గుంజితే నీళ్లు ముంగటికొస్తయి, ఎక్సలేటరు గుంజితే ఎనకకు పోతయి. నువ్వు ఎంత మొరటోనివో నీళ్లే చెప్తయి, నేను చెప్పే పని లేదు." నిజమే. మొదటిరోజు నేను ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి క్యాన్లలో గుక్కెడు నీళ్లు మిగిలాయి. నా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. చాంద్ పాషా చాయ్ గ్లాసు పట్టుకునే పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు మాత్రం నాకు తగల్లేదు. ఆమె పక్కనుంటే నవ్వు అంతగా నొప్పి పుట్టదని అప్పుడే తెలిసింది.

అంత మంచి రోజుల్లోనే నా తప్పు మొదలైంది. ఒక పొద్దున సగం నీళ్ల క్యాన్లు తగిలించుకుని నేను బండి మీద, సుజాత వెనక. దూరంగా మా డెయిరీ వ్యాను కమానులోంచి లోపలికి రావడం చూశాను. డ్రైవరు యాదగిరి, చాంద్ పాషా చాయ్ కోసం వస్తున్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. నేను ఇంకా నేర్చుకుంటున్నానని చూస్తే సాయంత్రానికల్లా డెయిరీ అంతా తెలిసిపోతుంది. "జల్ది జరుగు, ముందట కూసో" అన్నాను. "ఎందుకు?" అంది. "అడగకు, కూసో." నేను కిందికి దిగగానే ఆమె ముందుకు జరిగి హ్యాండిల్ పట్టుకుంది. నేను పక్కన నిలబడి, వ్యాను దగ్గరికి రాగానే గొంతెత్తి అరిచాను. "క్లచ్చి మెల్లగ ఇడువు! భయపడకు, నేనున్న గదా!"

నాలుగేళ్లు నిండు క్యాన్లతో సాగర్ రోడ్డు మీద తిరిగిన మనిషి నా వంక ఒక్క క్షణం చూసింది. తరువాత ఆమె పెదవి కొసన అల్లరి కనిపించింది. బండిని ముందుకు దూకించి, పాములా మెలికలు తిప్పుతూ, "అమ్మో అమ్మో, పడ్తున్న, పట్టుకోయ్!" అని కేకలు పెడుతూ, నలభయ్యారో నంబరు హద్దురాయి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసింది. ఒకటి మాత్రం నాకు కనబడింది. బండి అంత ఊగుతున్నా క్యాన్లలోంచి చుక్క నీరు కింద పడలేదు. యాదగిరి అది చూడలేదు. వ్యాను ఆపి తల బయటపెట్టి, "ఏందన్నా, వదినెకు బండి నేర్పుతున్నవా? మస్తు గొప్పోనివి! మా ఇంట్ల దానికి నేర్పాల్నంటే నాకు ఓపిక లేదు" అన్నాడు. ఆ 'మస్తు గొప్పోనివి' నా చెవిలో తేనెలా పడింది. నేను కాదనలేదు.

యాదగిరి వెళ్లాక సుజాత బండి దిగి రాయి మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. చాంద్ పాషా దగ్గరికి వచ్చి, "ఉస్తాద్ ఎవరు, షాగిర్ద్ ఎవరు? నాకు జర సమజైతలేదు" అని గురువును, శిష్యుణ్ని తేల్చమన్నట్టు మా ఇద్దరి వంక చూశాడు. అందరం నవ్వాం. ఆ తరువాత కూడా ఎవరైనా వస్తే మేం అలాగే చోట్లు మార్చుకునేవాళ్లం. ఆమె దాన్ని రెండు మూడు రోజుల ఆట అనుకుంది. నేను మూడేళ్లు ఆడాను.

కానీ నేర్చుకున్న ఆనందం మాత్రం అబద్ధం కాదు. ఒక రోజు వెంచర్ చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చి ఆపాను. సుజాత రెండు క్యాన్లలోకీ వంగి చూసింది, కింద రోడ్డు చూసింది, నా ప్యాంటు చూసింది. పొడి. ఏమీ మాట్లాడకుండా కుడివైపు క్యాను తీసి, నీళ్లన్నీ నా నెత్తిన కుమ్మరించింది. "నువ్వు ఒలకబొయ్యకపోతే నేను పోస్త, ఎట్లనైనా నీళ్లు ఒలకాలె గదా ఇయ్యాల!" చాంద్ పాషా చప్పట్లు కొట్టాడు. నేను తడిసి ముద్దయి, చలికి వణుకుతూ, నా జీవితంలో అంతకుముందు ఎన్నడూ లేనంత సంతోషంగా నిలబడ్డాను. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె గీసిన చోట కాలు కింద పెట్టకుండా తిప్పాను. కాగితం సార్ టేబుల్ మీద పెట్టాను. సుజాత బండికి పసుపు కుంకుమ పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చి పంపింది. ఆ రోజు నుంచి ఆ తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది. అదెవరిదో నాకు గుర్తు రాలేదు.

నేను ఊళ్లకు వెళ్లేసరికి యాదగిరి మాట నాకంటే ముందే వెళ్లింది. "పెండ్లానికి బండి నేర్పినోడు ఈయననే" అని చూపించేవారు. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు క్యాన్లు దించి మరీ చూసేవారు. "మా ఆయన సైకిలే ముట్టనియ్యడు. నువ్వు దేవుని అసోంటోనివి బిడ్డా" అంది ఒకామె. మొదట తల దించుకునేవాణ్ని. తరువాత చిరునవ్వు నవ్వడం నేర్చుకున్నాను. మరి కొన్నాళ్లకు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, సలహాలివ్వడం కూడా మొదలుపెట్టాను. "ఆడోళ్లకు నేర్పాల్నంటే ఓపిక ఉండాలె, అరవొద్దు. సగం క్యాన్ల నీళ్లు పోసి నడిపించాలె" అని ఆమె పాఠాన్ని ఆమె మాటల్లోనే, నాదిగా, ఎనిమిది ఊళ్లలో చెప్పాను.

ఆమెకు జరిగింది వేరు. ఆదివారాలు బండి తీస్తే పక్కింటివాళ్లు, "మెల్లగ అక్కా, కొత్త గదా, జర పైలం" అనేవారు. ఒకప్పుడు ఆమె పాలు పోసిన హోటళ్లు చేతులు మారాయి, ఆమెను ఎరిగినవాళ్లు తగ్గారు. మొదట్లో ఆ మాటలు ఇంటికొచ్చి అభినయించి చెప్పి నవ్వించేది. తరువాత చెప్పడం మానేసింది. తరువాత బండి తీయడమే తగ్గించింది. నేను అది గమనించాను. గమనించి ఊరుకున్నాను.

నేను ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన మూడేళ్లకు డెయిరీవాళ్లు మంచాల వైపు కొత్త రూటు పెట్టారు. అక్కడి కేంద్రాలన్నీ మహిళా సంఘాలవి, కాబట్టి బండి నడపగల ఆడమనిషి కావాలన్నారు. సుజాత దరఖాస్తు రాసుకుంది. ఆ రాత్రి ఆమె ఎంత హుషారుగా ఉందంటే, పాల గురించి తనకు తెలిసినవన్నీ నన్ను కూర్చోబెట్టి అప్పజెప్పింది. "బర్రె ఈనినంక ఎన్ని దినాలకు పాలు పొయ్యాల్నో గూడ నేనే చెప్త వాళ్లకు" అంది. రెండు రోజుల తరువాత జంగారెడ్డి సార్ నన్ను గదిలోకి పిలిచాడు. యాదగిరి అక్కడే సంతకం కోసం నిలబడి ఉన్నాడు. "నర్సిమ్మా, మీ ఆమెకు నువ్వే గదా బండి నేర్పింది? ఆ రూటు గుట్టల తొవ్వ. సామానుంటది. గట్టిగ నడుపుతదా? ఉన్నదున్నట్టు చెప్పు."

ఒక్క వాక్యం చాలు. 'ఆమే నాకు నేర్పింది సార్.' అది నా నాలుక మీదికి వచ్చింది కూడా. యాదగిరి నా వంకే చూస్తున్నాడు. నాకు ఇసుకకుప్ప గుర్తొచ్చింది. "ఇంకా కొత్తనే సార్. జర టైం పడ్తది" అన్నాను.

మర్నాడు సుజాతను పిలిచి వద్దన్నారు. నేను ఇంటికి వచ్చేసరికి ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "సార్ నన్ను ఒక్క మాట గూడ అడగలె. 'మీ ఆయననే చెప్పిండమ్మా' అన్నడు." నేను చెప్పులు విడవడం మరచి నిలబడ్డాను. ఆమె చాట కింద పెట్టింది. "నేను నేర్పిన అని నువ్వు చెప్పకపోతివి. సరే అనుకున్న. నాకు రాదని ఎందుకు చెప్పినవ్?" గొంతు పెంచలేదు. ఏడవలేదు. లేచి అన్నం పెట్టింది, తిన్నాం, అంతే.

పొద్దున్నే రూటుకు బయల్దేరి, సగం దారిలో వెనక్కి తిప్పి వెంచర్‌కు పోయాను. ఎందుకు పోయానో తెలియదు. చాంద్ పాషాకు జరిగింది చెప్పాను. ఆయన మంచం మీద నాకు చోటిచ్చాడు. "నేను ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలె, ఎందుకో ఎరుకేనా? యాదగిరి నన్ను అడిగిండు ఒకసారి. బేటీ ముందే చెప్పి పెట్టింది నాకు. 'మా ఆయన పరువు చాచా, జర నోరు తెరవకు' అన్నది." చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ చాయ్ నేను తాగలేదు. మూడేళ్లు ఆమె నా పరువు మోసింది. ఒక్క పూట ఆమె పరువు మోయమంటే నేను నడిబజార్లో దించేసి వచ్చాను.

నేరుగా డెయిరీకి పోయాను. వ్యాన్లు దిగే వేళ. డ్రైవర్లు, క్యాన్లు కడిగేవాళ్లు, తూకం దగ్గర సార్, అందరూ ఉన్నారు. గదిలోకి పిలిచి చెబుదామనిపించింది, కానీ అబద్ధం అందరి ముందూ పెరిగింది గదా అని అక్కడే నిలబడ్డాను. "సార్, మొన్న మీకు అబద్ధం చెప్పిన. సుజాతకు నేను బండి నేర్పలె. ఆమెనే నాకు నేర్పింది. పెండ్లికి ముందు నాలుగేండ్లు ఇదే ఊర్ల పాలబండి నడిపింది." క్యాన్ల మోత ఆగిపోయింది. యాదగిరి నోరు తెరిచాడు. "మరి వెంచర్ల గావుకేకలు పెడ్తివి గదన్నా, క్లచ్చి, క్లచ్చి అని?" "ఆ కేకలు నాకోసమే యాదగిరీ. క్లచ్చి రాంది నాకు." మొదట ఎవరో కిసుక్కుమన్నారు, తరువాత షెడ్డంతా నవ్వింది. ఇసుకకుప్ప నాటి నవ్వే అది. నిలబడి మొత్తం విన్నాను. అది అయిపోయింది, నేను ఇంకా నిలబడే ఉన్నాను. సార్ మాత్రం నవ్వలేదు. "నా ముందట అబద్ధం చెప్పినందుకు నీ సంగతి తర్వాత చూస్త. ఎవ్వర్నీ ఇంకా తీసుకోలె. పొయ్యి ఆమెను తోలుకరాపో."

ఇంటికి పోయి చెప్పాను. సుజాత అంతా విని, "అందరి ముందటనా?" అని అడిగింది. "అందరి ముందటనే." "యాదగిరి గూడ ఉండెనా?" "ఉండె." కొంగు దోపి బయటికి వచ్చి చెయ్యి చాచింది. జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. "ఎనక కూసో. సందులల్లకెల్లి గాదు, బజార్లకెల్లి పోదాం" అంది. పట్టపగలు, బస్టాండు ముందు నుంచి, కూరగాయల బండ్ల మధ్య నుంచి, నేను నా భార్య వెనక కూర్చుని పోయాను. ఎవరు చూశారో ఎవరు చూడలేదో తెలియదు. నేను చూసింది మాత్రం ఆమె భుజాలు. అవి ఎంత తేలిగ్గా ఉన్నాయో.

డెయిరీలో సార్ నిండు క్యాన్లు తగిలించమన్నాడు. సుజాత అడ్డం చెప్పింది. "నిండు క్యాన్లు ఎవ్వరైన తీస్కపోతరు సార్. సగం పోయుండ్రి, మూతలు తియ్యుండ్రి." నీళ్లు పోశారు. ఆవరణలో వ్యాన్ల సందుల్లోంచి, మెట్ట ఎక్కి, గేటు దాకా పోయి, యాదగిరి వ్యాను చుట్టూ పనిగట్టుకుని ఒక చుట్టు చుట్టి వచ్చి ఆపింది. సార్ వంగి నేల చూశాడు. క్యాన్లు కడిగే మనిషి ఒకతను ఈలవేశాడు. "రేపటి నుంచి రామ్మా" అన్నాడు సార్. యాదగిరి దండం పెట్టి, "వదినే, ఆనాడు అమ్మో అమ్మో అని మమ్మల్ని ఎంత బనాయించినవ్!" అన్నాడు. "నిన్ను గాదు యాదగిరీ, మీ అన్నను సంబురపెట్టిన" అంది సుజాత.

నా శిక్ష సార్ వెయ్యలేదు. అది ఆమె వేసింది. "నువ్వు చెప్పిన అబద్ధం ఎనిమిది ఊళ్లు తిరిగింది. నిజం గూడ నువ్వే తిప్పి రా. ఏ ఊర్లనైనా పాలు పోసే టైముకు, అందరున్నప్పుడు." రోజుకొక ఊరు. మొదటి ఊళ్లో నేలచూపులు చూస్తూ గొణిగాను, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మూడో ఊళ్లో నన్ను దేవుని అసోంటోనివి అన్నామె, "అట్లనా? అయితే ఆమెనే దేవతన్నట్టు" అని నా చేతిలో పెట్టబోయిన పెరుగు ముంత వెనక్కి తీసుకుని, సుజాతకిమ్మని మళ్లీ ఇచ్చింది. అయిదో ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు, సుజాత వచ్చి నేర్పుతుందా అని అడిగారు. ఎనిమిదో ఊళ్లో ఒక ముసలామె తన గిన్నె పక్కన పెట్టి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది. "బండి నేర్పింది సరే. ఇంకేం నేర్పింది కొడుకా?" అంది. ఏదో ఒకటి చెప్పి నవ్వించవచ్చు. కానీ నేను తగిన మాట వెతుక్కుంటూ ఆమె గిన్నె అందుకున్నాను. ఆమె, "ఇంటికి పోయి యాది చేసుకో. ముందుగాల నా పాల శాతం చూడు, నిన్న తక్కువ రాసిండ్రు" అంది.

ఇప్పుడు మా ఇంటి ముందు రెండు బండ్లు ఉంటాయి. సుజాత మంచాల వైపు పోతుంది, నేను నా ఊళ్లకు పోతాను. ఆదివారాలు ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఇరవై మంది దాటారు. ఆ వెంచర్‌లో ఇళ్లు లేచాయి కాబట్టి ఇంకో వెంచర్ వెతుక్కున్నారు. నేను అక్కడ క్యాన్లలో నీళ్లు పోసి ఇస్తాను. ఆమె పాఠం చెబుతుంటే మధ్యలో నోరు తెరవను. ఎప్పుడైనా తెరిస్తే, "గీయన మాట వినకుండ్రి, ఈయన షాగిర్ద్" అంటుంది, అందరూ నవ్వుతారు, నేను కూడా.

నేను పూర్తిగా మారిపోయానని చెప్పలేను. నాది కాని మెప్పు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు, "మీరు ఎంత ప్రోత్సహిస్తే అక్క ఇట్లయిందో" అంటారు. ఆ మాట చెవిన పడగానే నాలుక మీద పాత తీపి ఒక్క క్షణం తగులుతుంది. దాని రుచి నాకు బాగా తెలుసు. అందుకే అది కరిగి గొంతులోకి దిగకముందే, ఆమె పేరు పెట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.